రెండు రూపాయల బియ్యం మాట ఇప్పుడెలా ఉంది: మా ఊరి చౌకధరల దుకాణంపై సమీక్ష

1982 మార్చి 29న హైదరాబాదులోని కొత్త ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో నందమూరి తారకరామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఆ తర్వాత పాత షెవర్లె వ్యానును మార్చి తయారుచేసిన చైతన్య రథం మీద ఊరూరా తిరుగుతూ ఆయన చెప్పిన సంగతులు చాలానే ఉన్నాయి. తెలుగువారి ఆత్మగౌరవం, ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా, సగం ధరకు జనతా వస్త్రాలు, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వంటి వాటిలో కొన్ని చట్టాలయ్యాయి, కొన్ని కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. అయితే ఆ ప్రణాళికలో ఇంటింటి వంటగదిలోకి వెళ్లి నలభై ఏళ్లు దాటినా అక్కడే ఉన్నది ఒక్కటే, అది కిలో రెండు రూపాయల బియ్యం. ఆ హామీ నేటి రూపం చూడాలంటే సచివాలయానికి వెళ్లనక్కరలేదు, ఊళ్లో చౌకధరల దుకాణానికి వెళ్తే చాలు. కృష్ణా డెల్టాలోని ఒక మండల కేంద్రంలో మా కార్డు ఉన్న దుకాణాన్నీ, అక్కడ అందుతున్న సేవనూ, చేతికొచ్చే సరుకునూ ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను. కొత్త పార్టీలు ప్రకటించే విధానాలను అంచనా కట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం.

దుకాణంలోకి వెళ్లే ముందు ఆ హామీ నిర్మాణాన్ని కాస్త గమనించాలి. పేదరికం పోగొడతామని అప్పటికే అందరూ చెబుతున్నారు. రామారావు చెప్పిన మాటలో ఒక సరుకు, ఒక కొలత, ఒక ధర ఉన్నాయి. బియ్యం, కిలో, రెండు రూపాయలు. అక్షరం రాని కూలీ మనిషి కూడా సంచి పట్టుకుని వెళ్లి, మాట నిలబెట్టుకున్నారో లేదో ఆ పూటే తేల్చుకోగల హామీ అది. దాని బలాన్ని ముందుగా గుర్తించింది ప్రత్యర్థులే. ఎన్నికలకు ముందే అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో ఒక రూపాయి తొంభై పైసలకే ఇస్తామని ముందుకొచ్చింది. పది పైసలు తక్కువకు వస్తున్నా జనం అటు మొగ్గలేదు. 1983 జనవరి 5న జరిగిన పోలింగులో 294 స్థానాలున్న శాసనసభలో తెలుగుదేశం రెండు వందలకు పైగా గెలిచింది. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం జరిగింది, ఆ ఏడాదే పథకం మొదలైంది. మనిషికి ఐదు కిలోల చొప్పున, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు.

పక్క రాష్ట్రంలో ఇలాంటి మాటే అంతకు ముందు ఏమైందో తెలిస్తే దీని విలువ మరింత అర్థమవుతుంది. 1967 ఎన్నికల్లో అన్నాదురై నాయకత్వంలోని ద్రవిడ మున్నేట్ర కళగం రూపాయికి మూడు పడుల (పడి అంటే తమిళనాట ధాన్యం కొలిచే పాత కొలత) బియ్యం తమ లక్ష్యమనీ, ఒక పడి మాత్రం ఖాయమనీ చెప్పి గెలిచింది. గెలిచిన తర్వాత ఆ ఒక్క పడి కూడా మద్రాసు, కోయంబత్తూరు నగరాల్లో మొదలై, ఖర్చు భారం వల్ల రాష్ట్రమంతటికీ వ్యాపించలేదు. మన దగ్గర రెండు రూపాయల బియ్యం మొదటి ఏడాదిలోనే పల్లెల దాకా వెళ్లడానికి ఒక కారణం, అప్పటికే ఊళ్లల్లో చౌకధరల దుకాణాలు ఉండడం, రాష్ట్రంలో వరి పండడం, మిల్లర్ల నుంచి లెవీ బియ్యం, అంటే వాళ్లు ప్రభుత్వానికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా, సేకరించే ఏర్పాటు ఉండడం. కొత్త పార్టీ కొత్త యంత్రాంగాన్ని కట్టుకోవలసిన పని పడలేదు. ఉన్న దుకాణానికే నమ్మకమైన సరుకునూ, గుర్తుండే ధరనూ చేర్చింది.

ఇక దుకాణం విషయానికి వస్తాను. ప్రతి నెలా 1వ తేదీ నుంచి 15వ తేదీ వరకు, ఉదయం 8 నుంచి 12 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు తెరిచి ఉంచాలన్నది ఇప్పటి నిబంధన. మా దుకాణం ఉదయం వేళను బాగానే పాటిస్తోంది. సాయంత్రం మాత్రం నాలుగింటికి తలుపు తీసిన రోజులు తక్కువ, ఐదు దాటాకే పని మొదలవుతుంది. కూలికి వెళ్లి వచ్చేవారికి సాయంత్రమే వీలు కాబట్టి ఆ గంట ఆలస్యం వాళ్లకే ఎక్కువ బరువు. నెల మొదటి మూడు నాలుగు రోజులు వరుస ఎక్కువగా ఉంటుంది, వారం గడిచాక వెళ్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. అలాగని మరీ ఆలస్యంగా వెళ్తే కందిపప్పు, పంచదార మిగలకపోవచ్చు. బియ్యానికి ఆ భయం లేదు.

తూకం విషయంలో ఈ దుకాణాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నా చిన్నతనంలో రాళ్ల కాటా ఉండేది, గోనెసంచి బరువు పేరిట, తరుగు పేరిట కిలోకు ఎంతో కొంత కోత పడేది, అడిగితే డీలరుకు కోపం వచ్చేది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా, వేలిముద్ర తీసుకుని రసీదు ఇచ్చే ఈ-పోస్ యంత్రంతో కలిసి పనిచేస్తోంది. కార్డు మీద ఉన్న క్యూఆర్ కోడును చూపించి వేలిముద్ర వేశాక, నలుగురున్న మా కార్డుకు 20 కిలోలు తూగితేనే యంత్రం ముందుకు వెళ్తుంది, రసీదు వస్తుంది. ఇంటికి తెచ్చి వేరే కాటా మీద పెట్టి చూశాం, తేడా లెక్కలోకి తీసుకోదగినంత లేదు. నలభై ఏళ్ల కిందటి హామీలో కొలత అనే భాగానికి ఇన్నాళ్లకు పూర్తి న్యాయం జరిగిందని ఈ ఒక్క విషయం చూసి చెప్పవచ్చు.

వేలిముద్ర దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది. కలుపు తీసి, సున్నం పని చేసి, గిన్నెలు తోమి వేళ్ల గీతలు అరిగిపోయినవారు యంత్రం మీద ఒక వేలు తర్వాత ఒక వేలు పెట్టి చూస్తూ ఉంటారు. నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ చీర చెంగుతో వేలు తుడుచుకుని, మళ్లీ పెట్టి, కుడిచేయి అయిపోయాక ఎడమచేయి పెట్టింది. డీలరు విసుక్కోకుండా, "మామ్మా, బొటనవేలు కొంచెం పక్కకి తిప్పి నొక్కు" అని ఓపికగా చెప్పాడు, చివరికి పడింది. మంచి డీలరు ఉన్నచోట ఇది కాస్త ఆలస్యంతో పోతుంది. లేనిచోట ఆ మామ్మ మర్నాడు మళ్లీ రావాలి. ప్రత్యామ్నాయ పద్ధతులు నిబంధనల్లో ఉన్నాయి గానీ, వాటి సంగతి తెలిపే బోర్డు మా దుకాణంలో లేదు. 65 ఏళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ ముందు నెల చివరి రోజుల్లోనే ఇంటికి తెచ్చి ఇచ్చే ఏర్పాటు 2025లో వచ్చింది. మా వీధిలో అది జరుగుతోంది, కానీ వరుసలో నిలబడిన వృద్ధుల్లో కొందరికి తాము ఆ జాబితాలో ఉన్నామో లేదో కూడా తెలియడం లేదు.

ఇక్కడే ఇంకో కొత్త పార్టీ విధానం ప్రస్తావనకు వస్తుంది. 2011 మార్చిలో పుట్టిన వైఎస్సార్ కాంగ్రెస్ అధికారంలోకి వచ్చాక, సరుకును ఇంటి ముంగిటికే చేర్చాలని 2021 జనవరి 21న 9,260 వాహనాలను రోడ్డెక్కించింది. ఆలోచనలో దయ ఉంది, మంచం దిగలేని ముసలివాళ్లకు అది నిజంగా మేలు చేసింది. అయితే బండి ఎప్పుడు వస్తుందో తెలియక కూలిపని మానుకుని ఇంటి దగ్గర కాచుకునేవారు, తీరా వస్తే వీధి మొగలో ఆగిన బండి దగ్గరే వరుస కట్టేవారు. మొదటివారం బండి తప్పితే మళ్లీ ఎక్కడ పట్టుకోవాలో అడిగి తెలుసుకోవలసి వచ్చేది. 2025 జూన్ 1 నుంచి కూటమి ప్రభుత్వం వాటిని తీసేసి తిరిగి దుకాణాలకే పంపిణీని అప్పగించింది. రెండూ వాడినవాడిగా నాకు దుకాణమే మేలనిపిస్తోంది. ఎందుకంటే దుకాణానికి వేళ ఉంది, చిరునామా ఉంది, నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు. వాహనాల్లోని మేలైన భాగాన్ని, అంటే కదలలేనివారికి ఇంటివద్ద ఇవ్వడాన్ని, కొత్త ప్రభుత్వం వదలకుండా నిలుపుకోవడం సరైన పని. ప్రస్తుతం పౌరసరఫరాల శాఖను చూస్తున్న మంత్రి నాదెండ్ల మనోహర్, తెలుగుదేశం స్థాపనలో రామారావు పక్కన నిలిచిన నాదెండ్ల భాస్కరరావు కుమారుడు. ఆయన ఈ బాధ్యతకు వచ్చింది 2014 మార్చిలో పుట్టిన జనసేన తరఫున. ఒకే బియ్యం బస్తా చుట్టూ మూడు కొత్త పార్టీల చరిత్ర ఇలా తిరిగింది.

సమీక్షలో అతి ముఖ్యమైన భాగం సరుకే. మా ఇంట్లో ఈ బియ్యం వండుతాం కాబట్టి చూసింది చెబుతాను. చేటలో పోసి చెరిగితే ముందుగా కనిపించేది నూక. కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం పచ్చిబియ్యంలో నూక 25 శాతం దాకా ఉండవచ్చు, అంటే నాలుగు కిలోల్లో కిలో నూకే అయినా మిల్లరు తప్పు చేసినట్టు కాదు. వండితే అన్నం ఒకచోట ముద్దగా, ఒకచోట పలుకుగా ఉండడానికి ఇదే ప్రధాన కారణం. రాళ్లు ఇప్పుడు దాదాపు లేవు, మట్టిబెడ్డలు లేవు, పాత రోజుల ముక్కవాసన కూడా చాలా తగ్గింది. వానాకాలంలో ఒక్కోసారి పురుగు వస్తుంది, ఎండలో ఆరబోస్తే పోతుంది. ఇడ్లీకి, దోసెకు, పిండివంటలకు ఈ బియ్యం చాలా బాగా పనికొస్తుంది. అన్నానికైతే ఎసరు కొంచెం ఎక్కువ పెట్టి, అరగంట నానబెట్టి, వార్చుకుంటే బాగుంటుంది. కుక్కరులో సన్నబియ్యం కొలతతో పెడితే నిరాశే.

కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలుతాయి. తక్కినవాటికంటే కాస్త పసుపుగా, నునుపుగా ఉంటాయి. వీటిని చూసి ప్లాస్టిక్ బియ్యం కలిపారని మా వీధిలో చాలామంది ఏరి పారబోస్తున్నారు. అవి బలవర్ధక గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో తయారుచేసి, నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతూ వచ్చారు. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన ఇళ్లల్లో, గర్భిణి ఉన్న ఇంట్లో కూడా వాటిని ఏరి కాలువలో పోయడం చూస్తే బాధ కలుగుతుంది. ప్రభుత్వం కోట్లు ఖర్చుపెట్టి కలిపిన మందును ఒక్క మాట చెప్పేవారు లేక నీళ్లపాలు చేస్తున్నాం. బస్తా మీద ముద్ర ఉంటుంది, కానీ బస్తా దుకాణంలోనే ఉండిపోతుంది, సంచిలో వచ్చేది బియ్యమే కదా. తూకం వేసేటప్పుడు డీలరు ఆ మాట చెప్పేటట్టు చేయడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కరలేదు.

నాణ్యత అనే మాట 1982 నాటి హామీలో లేదు. అప్పుడు కడుపు నిండడమే సమస్య కనుక అడిగినవారు కూడా తక్కువ. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి వంగడం విడుదలైంది కూడా ఆ ఏడాదే. కాస్త తర్వాత 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. ఈ రెండూ, ముఖ్యంగా రెండోది, తెలుగువాళ్ల నాలుకను మార్చేశాయి. అన్నం సన్నగా, పొడిగా ఉండాలన్న కోరిక ఒకప్పుడు కలిగినవాళ్లది, ఇప్పుడు అందరిదీ. చౌకధరల దుకాణం మాత్రం పాత రుచి దగ్గరే ఆగింది. అందుకే కార్డుదారులు చాలామంది స్టోరు బియ్యం తీసుకున్న చోటే కిలో పది పన్నెండు రూపాయలకు అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి బజారులో సన్నబియ్యం కొంటున్నారు. అలా అమ్మిన బియ్యమే చేతులు మారి మిల్లుల్లో పాలిష్ అయి, ఓడరేవుల దాకా వెళ్తోంది. 2024 నవంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ రేవులో ఓడ దగ్గరకే వెళ్లి తనిఖీ చేయడం రాష్ట్రమంతా చూసింది. తనిఖీలు జరగాలి, దొంగలు దొరకాలి. అయితే తినదగిన బియ్యం ఇచ్చినప్పుడే అమ్మకం దానంతట అదే తగ్గుతుందని నా అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి ఆధారం పక్క రాష్ట్రంలో ఉంది. 2025 మార్చి 30న, ఉగాది రోజున, హుజూర్‌నగర్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కార్డుదారులకు సన్నబియ్యం పంపిణీని ప్రారంభించారు. అక్కడ మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. సూర్యాపేట వైపు మా బంధువుల ఇంట్లో ఆ అన్నం తిన్నాను. బజారులో కొన్న పాత బియ్యమంత పొడిగా లేదు, కొత్త బియ్యపు మెత్తదనం ఉంది, కానీ పిల్లలు పేచీ పెట్టకుండా తిన్నారు. కంట్రోలు బియ్యం అంటే దోసెల పిండికే అనుకునే ఇంట్లో ఇప్పుడు ఆ బియ్యమే రోజూ వండుతున్నారు. మా పిన్ని, "మునుపు అమ్మేటోళ్లం, ఇప్పుడు చాలక కొంటున్నం" అని చెప్పింది. మా రాష్ట్రంలో 2019లో సన్నబియ్యం ఇస్తామన్న మాట కొద్ది నెలల్లోనే నాణ్యమైన బియ్యం అన్న మాటగా మారింది. ఏది సన్నం, ఏది నాణ్యం అన్నదానికి ముందే నిర్వచనం లేకపోతే, మాట ఎటైనా జారుతుంది. కిలో రెండు రూపాయలు అన్న మాటకు ఆ జారుడు సాధ్యం కాలేదు.

ధర మాత్రం పైకీ కిందికీ చాలా తిరిగింది. పార్టీని స్థాపించిన రామారావు 1994 ఎన్నికల్లో మళ్లీ రెండు రూపాయల హామీతోనే గెలిచి తిరిగి తెచ్చారు. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని మూడున్నర రూపాయలు చేసింది, తర్వాత అది ఐదు రూపాయలు దాటింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి తిరిగి రెండు రూపాయలకు దించారు, 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయి చేశారు, 2023 జనవరి నుంచి కేంద్ర పథకం కింద ఉచితమైంది. అంటే హామీ ఇచ్చిన పార్టీ తానే దాన్ని సడలించింది, ఎదిరించిన పార్టీ దాన్ని నిలబెట్టింది. ఒక విధానం నిజంగా వేళ్లూనుకుంది అనడానికి నా లెక్కలో ఇదే గుర్తు, పుట్టించిన పార్టీ ఓడినా అది బతకాలి.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ సమీక్ష ముగిస్తే అన్యాయమవుతుంది. 1982 ప్రణాళికలో అన్నిటికంటే బలహీనమైన భాగం అదే. రాయితీ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సభల్లో స్పష్టమైన జవాబు లేదు. ఆ తర్వాత 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా పొట్లాలు ఊరూరా అమ్మించింది, ఖజానాకు ఎక్సైజు ఆదాయం పెరిగింది. బియ్యం మీద మిగిలిన డబ్బును భర్త సారా కొట్లో పోస్తున్నాడని ఆడవాళ్లు వాపోయారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1990ల మొదట్లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆ కడుపుమంట కూడా ఉంది. దానికి తలొగ్గి 1995లో మద్యనిషేధం పెట్టారు, రెండేళ్లకే ఎత్తేశారు. ఇప్పుడు కూడా మా రాష్ట్రంలో కేంద్ర ఆహారభద్రత చట్టం పరిధిలోకి రాని కార్డులకు బియ్యం ఖర్చును రాష్ట్రమే భరిస్తోంది.

ఇటీవల బిహార్‌లో ఇదే ప్రశ్న తలకిందులుగా వచ్చింది. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఎన్నికల వ్యూహకర్తగా పనిచేసిన ప్రశాంత్ కిశోర్ 2024 అక్టోబరు 2న పాట్నాలో జన్ సురాజ్ పార్టీని ప్రారంభించి, 2016 నుంచి అమల్లో ఉన్న మద్యనిషేధాన్ని ఎత్తేసి ఆ ఆదాయాన్ని చదువుల మీద పెడతానన్నారు. డబ్బు ఎక్కడిదో ముందే చెప్పినందుకు ఆయనను గౌరవిస్తాను. కానీ ఆ డబ్బు ఎవరి ఇంట్లోంచి వస్తుందో మా దూబగుంట మహిళలు ఎప్పుడో చెప్పారు. 2025 నవంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క స్థానం కూడా రాలేదు. ఓటమికి కారణాలు అనేకం ఉండవచ్చు. నా దృష్టికి వచ్చింది మాత్రం, మంచి చదువు అన్న హామీని ఓటరు మర్నాడు సంచి తీసుకెళ్లి సరిచూసుకోగల కొలత ఏదీ ఆ ప్రణాళికలో లేకపోవడం.

మళ్లీ మా దుకాణానికి వస్తే, తూకం, రసీదు, డీలరు మర్యాద విషయాల్లో ఈ సేవను ఎవరికైనా ధైర్యంగా సిఫారసు చేస్తాను. కార్డు ఉండి కూడా నామోషీతో వెళ్లనివారు వెళ్లాలి, తీసుకున్నది వండుకోవాలి. బియ్యం నాణ్యత మధ్యస్థం, అన్నానికి కంటే టిఫిన్లకు మేలు. సాయంత్రపు వేళ పాటించడంలోనూ, సమాచారం చెప్పడంలోనూ లోటు ఉంది. దుకాణం గోడ మీద ధరల పట్టిక పక్కన మూడు సంగతులు పెద్ద అక్షరాలతో రాయించాలని మండల అధికారులకు విన్నవించాను. వేలిముద్ర పడకపోతే ఏం చేయాలి, ఇంటివద్ద పంపిణీకి ఎవరు అర్హులు, నీళ్లలో తేలే గింజలు ఏమిటి అన్నవి ఆ మూడు. రాయిస్తామన్నారు. ఈసారి ఎవరైనా కొత్త పార్టీ పెట్టి మా ఊరికి ఓటడగడానికి వస్తే, బియ్యంలో నూక ఎన్ని శాతానికి తగ్గిస్తారో, అందుకు కిలోకు ఎన్ని రూపాయలు అదనంగా అవుతుందో, ఆ రూపాయలు ఏ పద్దు నుంచి తెస్తారో చెప్పమని అడుగుతాను.